తోలు పని పెట్టెలో ఏముండాలి, ఎవరి దగ్గర కొనాలి

ఈ ఏడు రసీదు పుస్తకాలు పట్టుకొని ఇంటింటికీ వెళ్లినప్పుడు దాతలు చాలామంది మమ్మల్ని ఒకే మాట అడిగారు. "ఎప్పుడూ కుట్టుమిషన్లు ఇచ్చేవారు కదా, ఈ తోలు పని పెట్టెలేమిటి? పోయినేడు ఇచ్చినవి ఏమయ్యాయి?" అడగవలసిన ప్రశ్నే. మీరిచ్చినది మా చేతిలో అమానత్. గుమ్మంలో నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాం, అందుకే ఈ వ్యాసం. ఎక్కడైనా బడిపాఠంలా అనిపిస్తే మన్నించండి, సుద్దముక్క పట్టిన చేతికి అలవాటు పోదు.

ముందు పోయినేటి సంగతి. ఆరు పెట్టెలు ఇచ్చాం. మూడు నెలలు తిరగకముందే నాలుగు మూలపడ్డాయి. నేర్చుకున్నవారి తప్పు ఇందులో లేదు, కొన్న మాదే తప్పు. తక్కువ ధరకు వస్తున్నాయని, పైగా తెలిసినవారి ద్వారా వస్తున్నాయని, పెట్టె మూత తీసి చూడకుండానే డబ్బు కట్టాం. ఆరెలు వంగిపోయాయి. కత్తులకు పది రోజుల్లో పదును పోయింది. తోలు అని పంపిన చుట్టలో సగం పైన ప్లాస్టిక్ పూత పూసిన సరుకు. అన్నిటికన్నా బాధ కలిగించింది రంగు. భర్త పోయిన ఒక సోదరి చేసిన భుజం సంచి కొన్నవారి తెల్ల చొక్కాకు వాన రోజున గోధుమరంగు అంటుకుంది. ఆమె రెండు సంచుల డబ్బు తిరిగి ఇచ్చేసి, మళ్లీ బీడీలు చుట్టడానికి వెళ్లిపోయింది. ఆమె ఇంటికి వెళ్లి తప్పు మాదని చెప్పి వచ్చాం. చెప్పినంత మాత్రాన ఆమె పోగొట్టుకున్న గిరాకీ తిరిగి రాదు కదా.

అసలు తోలు పనే ఎందుకన్నది మరో ప్రశ్న. బక్రీదు నాడు ఖుర్బానీ తోళ్లు మదరసాలకూ సంఘాలకూ ఇవ్వడం మన పెద్దల నాటి పద్ధతి. ఆ తోళ్లు అమ్మిన డబ్బుతో ఒకప్పుడు పిల్లల పుస్తకాల ఖర్చు చాలావరకు గడిచేది. గత కొన్నేళ్లుగా గొర్రె, మేక తోలు ధర పడిపోయింది. సేకరించిన ఆటో కిరాయి కూడా రాని ఏడాది చూశాం. ముడి తోలుకు విలువ లేకపోయినా, దానితో చేసిన బెల్టుకూ పర్సుకూ సంచికీ విలువ తగ్గలేదు. ఆ తేడా అంతా చేతిపనిది. ఆ పని మనవాళ్ల చేతికి వస్తే ఒక ఇల్లు నిలబడుతుందన్నది మా ఆలోచన.

అలాగని తోళ్లు ఇక్కడే శుద్ధి చేద్దామని అనుకోవడం లేదు. అది వేరే విద్య, నీరు చాలా కావాలి, వదిలిన నీరు చెరువును పాడుచేస్తుంది. తమిళనాడులో పాలారు నది పొడవునా తోళ్ల కర్మాగారాలు చేసిన నష్టంపై 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది. శుద్ధి అయిన తోలు కొని వస్తువులు చేయడం వరకే మా పని.

మన ప్రాంతానికి ఇది కొత్త పని కాదు. కరెంటు మోటార్లు రాకముందు తొర్రూరు చుట్టుపక్కల బావుల మీద నడిచిన మోటలకు తోలు తొండాలు కుట్టినవారు, ఎడ్లకు పట్టెడలూ మనుషులకు చెప్పులూ చేసినవారు, డప్పులు బిగించినవారు మాదిగ వృత్తికారులు. ఊరి చివర లందల్లో సున్నంతో వెంట్రుక రాల్చి, తంగేడు చెక్క, కరక్కాయ వేసి నానబెట్టి తోలు పదును చేసేవారు. ఆ విద్యకు తగిన గౌరవం ఊళ్లు ఇవ్వలేదు. మోట పోయింది, కంపెనీ చెప్పు వచ్చింది, పని వారి చేతుల్లోంచి జారిపోయింది. ఈసారి పెట్టెలు కొనేముందు మేము చేసిన మొదటి మంచి పని, ఈ వృత్తిలో జీవితమంతా గడిపిన ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లడం. పోయినేటి ఆరెను ఆయన చేతికిచ్చాం. బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి, "ఇది తోలుల దిగదు సారూ, వంగి చేతుల దిగుతది" అన్నాడు. ఇప్పుడు వారానికి రెండు రోజులు ఆయనే వచ్చి నేర్పుతున్నాడు. ఆయనకు ఇచ్చేది జీతం, దానం కాదు. లెక్కల్లో కూడా అలాగే రాశాం.

ఇక పెట్టె. ఆరె, రంపె, గూటం అని పెద్దాయన మూడే చెబుతాడు. మిగతావి సౌకర్యానికి. రంపె అంటే వెడల్పు అంచు కత్తి, తోలు కోయడానికీ, మడత పెట్టే చోట అంచును పలుచన చేయడానికీ. దీనికి ఉక్కు మంచిది కావాలి. అంతకన్నా ముఖ్యం, దాన్ని నూరే రాయి పెట్టెలోనే ఉండాలి. మొద్దు కత్తితోనే చెయ్యి తెగుతుంది, ఎందుకంటే బలం పెట్టి నొక్కుతాం, జారుతుంది. నూరాక ఒక తోలు పట్టీ మీద ఆకుపచ్చ పాలిష్ ముద్ద రాసి, కత్తి వీపు ముందుగా లాగితే పదును నిలుస్తుంది. పాత మంగలి దుకాణంలో తోలు పట్టీ మీద కత్తి లాగడం మీలో చాలామంది చూసే ఉంటారు. అదే ఇది.

కుట్టు రంధ్రాలు సమాన దూరంలో పడడానికి ఫోర్కులాగా పళ్లున్న ఉలి ఒకటి వస్తుంది. పళ్ల మధ్య నాలుగు మిల్లీమీటర్లుంటే పర్సుకూ సంచికీ రెండింటికీ సరిపోతుంది. ఉలిని ఇనుప సుత్తితో కొట్టకూడదు, పిడి పగులుతుంది, తల చిట్లుతుంది. అందుకే చెక్క గూటం. దారానికి మైనం పట్టించి, రెండు కొసలకూ రెండు సూదులు ఎక్కించి, ఒకే రంధ్రంలోంచి ఇటూ అటూ దాటిస్తూ కుట్టాలి. మిషను కుట్టులో పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి ముడివేసి పట్టుకుంటాయి, ఒకటి తెగితే వరుస విడిపోతూ పోతుంది. రెండు సూదుల కుట్టులో ఒకచోట తెగినా రెండోవైపు దారం పట్టి ఉంచుతుంది. "మిషను ఇస్తే తొందరగా అవుతుంది కదా" అన్న దాతలకు ఇదే మా జవాబు. చేతికుట్టు బ్యాగుకు గిరాకీ ఉన్నదే అందుకు.

పని చేసే బల్ల గురించి పోయినేడు మేము ఆలోచించనే లేదు. ఇళ్లలో షాబాదు బండల మీద కూర్చొని కోశారు, కొట్టారు. కత్తులు చెడిపోవడానికి సగం కారణం అదే. బండ మీద కోస్తే కత్తి అంచు ప్రతిసారీ రాతికి తగులుతుంది. రంధ్రాలు కొట్టే ఉలి బండకు తగిలితే ఒక్క దెబ్బకే ముక్కు పోతుంది. దీనికి మందు మన కసాయి సోదరుల దుకాణంలోనే ఉంది. చింతమొద్దును అడ్డంగా కోసి నిలబెడతారు, కత్తి దెబ్బ చెక్క పోగుల కొసల మీద పడుతుంది. పోగులు విడిపోయి కత్తికి దారిస్తాయి, మళ్లీ దగ్గరకు వస్తాయి. కత్తీ బతుకుతుంది, మొద్దూ బతుకుతుంది. తోలుకు రంధ్రం కొట్టడానికి అంతకన్నా మంచి దిమ్మె లేదు. కోతకు మందపాటి ప్లాస్టిక్ పలక చాలు.

రాయి అసలే వద్దని కాదు. అంచు పలుచన చేసేటప్పుడు నున్నని రాయి కింద ఉంటేనే కత్తి సమంగా సాగుతుంది. పువ్వులు, అక్షరాలు అచ్చు కొట్టేటప్పుడు బరువైన రాయి ఎగరకుండా దెబ్బనంతా తోలుకే ఇస్తుంది. గ్రానైటు దుకాణాల దగ్గర విరిగిన ముక్కలు పడి ఉంటాయి, కరీంనగర్, ఖమ్మం రాయి మనకు దూరం కాదు. రెండంగుళాల మందం ఉన్న ముక్క తెచ్చి కింద గోనెసంచి మడత వేస్తే పక్కింటివారి నిద్ర కూడా చెడదు.

రంగుకు ముందు తోలు ఏ రకమో తెలియాలి. ఇప్పుడు బజారులో దొరికే తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణంతో శుద్ధి చేసినది. కోసిన అంచు చూస్తే లోపల నీలి బూడిదరంగు కనబడుతుంది. మెత్తగా ఉంటుంది, రంగు వేసే వస్తుంది, సంచులకు మంచిదే. చెట్టు బెరడుతో శుద్ధి చేసినది లోపల కూడా గోధుమరంగే, కాస్త బిరుసు. అచ్చు కొడితే ముద్ర నిలిచేదీ, చేతితో రంగు వేస్తే లోపలికి పీల్చేదీ ఇదే. పోయినేడు మొదటి రకం మీద రెండో రకానికి వేసే రంగు వేశారు. పైపైన నిలిచి, తడికి దిగింది.

రంగు పలుచగా, రెండు మూడు పూతలుగా వేయాలి. ఒక్కసారే చిక్కగా వేస్తే మచ్చలు కడుతుంది. రాత్రంతా ఆరనిచ్చి, పొడి నూలుగుడ్డతో గుడ్డకు ఇక రంగు అంటనంత వరకు రుద్దాలి. ఈ రుద్దడం దగ్గరే అందరూ తొందరపడతారు. ఆ తర్వాత మైనమో, నీరు పట్టని పూతో వేయాలి. చివరి పరీక్ష తెల్ల చేతిరుమాలు. ఒకసారి పొడిగా, ఒకసారి తడిపి గట్టిగా రుద్దాలి. రుమాలు మీద రంగు కనబడితే ఆ వస్తువు అమ్మకానికి పోదు. మా శిక్షణ గదిలో ఇప్పుడిది నియమం. స్పిరిటు రంగులైతే కిటికీలు తీసి, చేతులకు తొడుగులు వేసుకొనే వాడాలి, పిల్లలు ఆడుకునే గదిలో అసలు వద్దు. పేరులేని డబ్బాల్లో, పొట్లాల్లో వచ్చే రంగులు మానేశాం. కొన్ని అజో రంగులు శరీరంలో క్యాన్సర్ కలిగించే పదార్థాలుగా విడిపోతాయని తేలి జర్మనీ 1994లో వాటిని నిషేధించింది, మన దేశం కూడా 1990లలోనే అటువంటివాటిని నిషేధించింది. డబ్బా మీద తయారీదారు పేరు లేనప్పుడు లోపల ఏముందో ఎవరిని అడుగుతాం?

నల్లరంగుకు మాత్రం కొనవలసిన పనే లేదు. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో కొన్ని వారాలు పులియబెడితే శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వాడే కసిమి తయారవుతుంది. అక్కడ బట్టకు ముందు కరక్కాయ పట్టిస్తారు. బెరడుతో శుద్ధి చేసిన తోలులో ఆ వగరు ముందే ఉంటుంది కనుక కసిమి తగలగానే నల్లబడుతుంది. అది పైన పూసిన రంగు కాదు, తోలులోనే పుట్టిన నలుపు. పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పే మాకు ఈ పాఠం ఇన్నేళ్లూ ఎందుకు తట్టలేదో తెలియదు. అంచులు నునుపు చేయడానికి విదేశీ జిగురు డబ్బా కొనమని ఒక దుకాణంవారు చెప్పారు. మన రంజాన్ షర్బతులో నానేసే గోంద్ కతీరా నానబెట్టి, అంచుకు రాసి, చెక్కతో రుద్దితే ఆ పని అయిపోతోంది.

సరుకు కొనే చోటు గురించి. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట, చెన్నైలోని పెరియమేడు తోలు వ్యాపారానికి పేరుపడ్డ చోట్లు, వ్యాపారుల్లో మనవారు చాలామంది ఉన్నారు. అయితే మనవారన్నది నమ్మకానికి మొదటి అడుగే. పోయినేడు మేము అక్కడే ఆగిపోయాం, సలాం చెప్పినవారి సరుకు చూడలేదు. ఇప్పుడు పద్ధతి మార్చాం. ముందు అరచేతంత ముక్కలు తెప్పించుకుంటాం. వెనకవైపు పోగులు ఉన్నాయా, నీటిచుక్క వేస్తే ఏమవుతుంది, కత్తిరించిన పీలికను కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుందా, ప్లాస్టిక్ వాసనా అని చూస్తాం. తోలు చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు కనుక అడుగు ధర తక్కువగా ఉన్నప్పుడు పొట్ట భాగం ఎంత కలిపారో అడగాలి. పొట్ట తోలు సాగుతుంది, బెల్టుకు పనికిరాదు. ముక్క నచ్చితే కొద్దిగా కొంటాం. రెండోసారి కూడా అదే సరుకు వస్తేనే పెద్ద ఆర్డరు. బాగాలేని సరుకు వెనక్కి తీసుకుంటారా అన్నది డబ్బు కట్టకముందే రాయించుకుంటాం.

బిల్లు లేకుండా ఎంత తక్కువకు ఇచ్చినా కొనం. అందులో బర్రె, మేక, గొర్రె అని జంతువు పేరు రాయాలి. దారిలో ఎవరైనా ఆపి అడిగితే పిల్లల చేతిలో చూపించడానికి కాగితం ఉండాలి, కారణం మీకు విడమరచి చెప్పనక్కరలేదు. మరొకటి, లోపలి అస్తరు. చవక పర్సులలో, బూట్లలో అస్తరుగా పంది తోలు వాడడం ఉంది. వెంట్రుక రంధ్రాలు మూడేసి చొప్పున, చిన్న త్రికోణంలా గుంపులుగా కనబడితే అదే. భూతద్దం ఒకటి కొని గదిలో వేలాడదీశాం, బడి పిల్లలు కూడా చూసి గుర్తుపడుతున్నారు.

ఈ ఏడాది ఆరు పెట్టెలు కాదు, మూడే ఇస్తున్నాం. అదే డబ్బు. ఒకటి ఆ సోదరి ఇంటికి వెళ్లింది. మొదట వద్దంది, తర్వాత రుమాలు పరీక్ష తానే చేసి చూసి తీసుకుంది. బిల్లులన్నీ కార్యాలయంలో ఉన్నాయి, జుమా తర్వాత ఎవరైనా వచ్చి చూడవచ్చు. గ్రానైటు ముక్కలు దొరికాయి, దిమ్మెలే ఇంకా రెండు కావాలి. దుకాణం మారుస్తున్న కసాయి సోదరులెవరైనా పాత చింతమొద్దు ఇస్తామంటే కబురు పెట్టండి, ఆటో మేమే తెస్తాం.