పని దొరకని రోజుల లెక్క: పంటల కాలపట్టిక, వ్యవసాయ కూలీ కుటుంబం, ఉపాధి హామీ

గ్రామీణ పేదరికంపై చర్చ సాధారణంగా కూలి రేటుతో మొదలై కూలి రేటుతోనే ముగుస్తుంది. రోజుకు ఎంత ఇస్తున్నారు, గత సంవత్సరం కంటే ఎంత పెరిగింది అన్న ప్రశ్నలు అవసరమైనవే. కాని కూలీ కుటుంబపు సంవత్సరాదాయం రేటు ఒక్కదానితో తేలదు. రేటును పనిదినాల సంఖ్యతో గుణించినప్పుడే ఆదాయం తెలుస్తుంది. రేటును గిరాకీ, ప్రభుత్వ ప్రకటనలు నిర్ణయిస్తాయి. పనిదినాలను వర్షం, కాలువ నీరు, పంట రకం, యంత్రం, కలుపు మందు నిర్ణయిస్తాయి. ఈ రెండవ అంశం నేరుగా సేద్య విజ్ఞానం పరిధిలోనిది. అయినా పరిశోధన ఫలితాలలో దీనికి దక్కిన చోటు స్వల్పం.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సాగుదారులు సుమారు 11.9 కోట్లు కాగా, వ్యవసాయ కూలీలు సుమారు 14.4 కోట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసే ప్రతి ఐదుగురిలో ఇద్దరికి పైగా వ్యవసాయ కూలీలే. వీరిలో సెంటు భూమి లేనివారితో పాటు, ఎకరం, అరెకరం ఉండి మిగిలిన రోజులలో కూలికి వెళ్ళే చిన్న రైతులు, కౌలు రైతులు కూడా ఉన్నారు.

పనిదినాలు ఏ నెలల్లో ఉన్నాయి?

కృష్ణా, గోదావరి డెల్టాలలో సార్వా వరికి నీటి విడుదలతో పని మొదలవుతుంది. నారు తీత, నాట్లు జూలై, ఆగస్టు నెలల్లో. కలుపు తీత ఆ తరువాత. కోత, కుప్పనూర్పు నవంబరు, డిసెంబరులలో సాగుతాయి. గోదావరి డెల్టాలో దాళ్వా వరి, కృష్ణా డెల్టాలో వరి మాగాణుల మినుము, పెసర రెండవ విడత పనిని ఇస్తాయి.

అనంతపురం చల్కా నేలల్లో పరిస్థితి వేరు. వర్షాధార వేరుశనగ విత్తడం అదనైన వాన పడిన తరువాత కొద్ది రోజులలోనే పూర్తి కావాలి. ట్రాక్టరు గొర్రుతో ఆ పని గంటల్లో ముగుస్తుంది. కూలీలకు మిగిలేవి కలుపు తీత, పీకుడు, కాయ కోయడం. వాన ముందుగా వస్తే జూన్ చివర, లేకుంటే ఆగస్టులో విత్తుతారు. పీకే పని కూడా అదే మేరకు ముందు వెనుకలవుతుంది. పంట ఎండిన సంవత్సరం ఆ పని ఉండదు. నవంబరు తరువాత మరుసటి వాన వరకు మెట్ట గ్రామంలో కూలి దొరకడం కష్టం.

పత్తిలో జూలై నుండి సెప్టెంబరు వరకు కలుపు తీత, అక్టోబరు నుండి జనవరి వరకు విడతలవారీగా పత్తి తీత ఉంటాయి. మిరపలో జనవరి నుండి ఏప్రిల్ వరకు కోతలు ఉంటాయి. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల కుటుంబాలు గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు మిరప కోతకు వలస వెళ్ళేది ఈ కాలంలోనే. సొంత ఊరిలో పని ముగిసిన నెలలు, పరాయి ఊరిలో పని మొదలయ్యే నెలలు ఒకటి కావడమే ఈ వలసకు మూలం. తల్లిదండ్రులతో వెళ్ళిన పిల్లలకు ఆ నెలలు బడి లేని నెలలవుతాయి.

తగ్గిన దినాలు ఎవరివి?

గత రెండు దశాబ్దాలలో సాగు ఖర్చు తగ్గించడానికి పరిశోధనా సంస్థలు సిఫారసు చేసిన మార్గాలలో ముఖ్యమైనవి నేరుగా విత్తే వరి, నాటు యంత్రం, కలుపు మందులు, వరి కోత యంత్రం. రైతు కోణంలో ఇవి సమర్థనీయమైనవే. అదనులో కూలీలు దొరకక నారు ముదిరిపోవడం, కోతకు వచ్చిన పంట తుపాను పాలు కావడం రైతుకు ప్రాణసంకటం. కౌలు కట్టి సాగు చేసేవారికి ఈ నష్టం మరింత భారం.

కాని వీటితో తగ్గిన దినాలలో అత్యధికం స్త్రీలవి. నారు తీత, నాట్లు, కలుపు తీత, పత్తి, మిరప కోతలు సంప్రదాయంగా స్త్రీలు చేసే పనులు. దమ్ము, మందుల పిచికారీ, ట్రాక్టరు, కోత యంత్రం నడపడం పురుషుల చేతిలో ఉన్నాయి. యంత్రం వచ్చినప్పుడు పురుషుడి పని రూపం మారుతుంది. స్త్రీ పని చాలా వరకు పోతుంది.

ఒక ఉదాహరణతో దీని పరిమాణం తెలుస్తుంది. ఎకరం నాట్లకు పదిమంది స్త్రీల ఒకరోజు పని అనుకుంటే, 500 ఎకరాల మాగాణి ఉన్న గ్రామం పూర్తిగా వెదజల్లే పద్ధతికి మారినప్పుడు 5,000 పనిదినాలు పోతాయి. ఆ గ్రామంలో నాట్లకు వెళ్ళే స్త్రీలు 200 మంది అయితే ఒక్కొక్కరికి 25 దినాల కూలి తగ్గినట్లు. రైతుకు మిగిలిన ఖర్చు ఆదాయ వ్యయ నిష్పత్తిలో కనిపిస్తుంది. ఈ 25 దినాలు ఏ పట్టికలోనూ కనిపించవు.

ప్రభుత్వ సహాయం ఎంత మేరకు ఆదుకుంటోంది?

పని లేని నెలలకు సమాధానంగా వచ్చినదే 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దీనిని ప్రారంభించారు. అడిగిన 15 రోజులలో పని చూపాలని, లేకుంటే నిరుద్యోగ భృతి చెల్లించాలని, లబ్ధిదారులలో కనీసం మూడవ వంతు స్త్రీలు ఉండాలని చట్టం నిర్దేశించింది. తెలుగు రాష్ట్రాలలో స్త్రీల వాటా సగానికి మించి నమోదవుతూ వచ్చింది. వ్యవసాయంలో స్త్రీ, పురుషుల కూలి మధ్య ఉన్న తేడా ఈ పనుల రేటులో లేకపోవడం అందుకు ఒక కారణం.

2025-26లో రెండు రాష్ట్రాలకూ ప్రకటించిన రోజువారీ వేతనం 307 రూపాయలు. వంద రోజులూ పూర్తి వేతనం లభిస్తే కుటుంబానికి 30,700 రూపాయలు వస్తాయి. నలుగురున్న ఇంట్లో సంవత్సరమంతటికీ పంచితే మనిషికి రోజుకు సుమారు 21 రూపాయలు. పైగా కుటుంబానికి లభించిన పనిదినాల దేశ సగటు 50 దరిదాపుల్లోనే ఉంటూ వచ్చింది.

ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల బియ్యం ఉచితంగా అందుతున్నది. అంటే రోజుకు సుమారు 167 గ్రాములు, 575 కిలోకేలరీలు. కఠిన శ్రమ చేసే స్త్రీకి రోజుకు 2,720 కిలోకేలరీలు అవసరమని జాతీయ పోషకాహార సంస్థ 2020 అంచనా. ఆమె అవసరంలో ఐదవ వంతు చౌకధరల దుకాణం నుండి వస్తే, మిగిలిన బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు కూలి డబ్బుతోనే కొనాలి. ఉచిత బియ్యం ఆకలిని అడ్డుకుంటున్నది. పనిదినాల లోటును పూడ్చలేదు.

పెట్టుబడి సహాయ పథకాలు భూమిని ఆధారం చేసుకున్నవి. పీఎం కిసాన్ కింద సంవత్సరానికి 6,000 రూపాయలు భూమి గల రైతు కుటుంబానికే అందుతాయి. భూమి లేని కూలీ కుటుంబాలకు సంవత్సరానికి 12,000 రూపాయలు ఇచ్చేందుకు తెలంగాణలో 2025 జనవరిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఈ లోపాన్ని గుర్తించిన ప్రయత్నం. దానికీ ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలన్నది అర్హత. అందువల్ల ఉపాధి పనిదినాల నమోదు కూలితో పాటు ఇతర సహాయానికీ కొలమానమైనది.

అరవై రోజుల విరామం: ఏ అరవై రోజులు?

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్) చట్టం పాత చట్టం స్థానంలో వచ్చింది. హామీ 100 నుండి 125 రోజులకు పెరిగింది. వ్యయంలో 40 శాతాన్ని చాలా రాష్ట్రాలు భరించాలి. వ్యవసాయానికి నేరుగా సంబంధించిన నిబంధన మరొకటి ఉంది. విత్తే, కోసే ముమ్మర కాలాలలో మొత్తం 60 రోజుల పాటు పనులు చేపట్టరాదు. ఆ రోజులను రాష్ట్ర ప్రభుత్వం ముందుగా ప్రకటించాలి. ప్రాంతాలవారీగా వేర్వేరుగా ప్రకటించే వీలున్నది.

అదనులో రైతుకు కూలీలు దొరకాలన్నది ఈ నిబంధన ఉద్దేశం. విరామ దినాలు పొలంలో నిజంగా కూలి దొరికే దినాలైతే ఎవరికీ నష్టం లేదు. చిక్కు అంతా ‘ముమ్మర కాలం’ అన్న మాట నిర్వచనంలో ఉన్నది. నాట్లకు బదులు వెదజల్లే పద్ధతి, కోతకు యంత్రం వచ్చిన గ్రామంలో జూలై, నవంబరు పంటకు ముమ్మర కాలాలే కాని కూలీకి కావు. ఆ నెలల్లో ఉపాధి పని ఆపితే అటు పొలం, ఇటు ప్రభుత్వం రెండూ పని ఇవ్వని రోజులు ఏర్పడతాయి. అనంతపురంలో విత్తే కాలం పేరిట జూలైలో విరామం ప్రకటిస్తే, వాన రాని సంవత్సరం ఆ నెలంతా కుటుంబం ఖాళీగా కూర్చోవాలి. ఒకే మండలంలో పత్తి రైతుకు డిసెంబరులో కూలీలు అవసరం కాగా, పక్క గ్రామపు వరి రైతుకు అప్పటికి పని ముగిసి ఉంటుంది.

విరామం పనులను మరింతగా వేసవికి నెట్టే అవకాశమూ ఉంది. ఎర్ర చల్కా నేలలు తేమ ఆరిన కొద్దీ బిగుసుకొంటాయి. తొలకరి తరువాత గడ్డపారకు సులువుగా దిగే నేల ఏప్రిల్, మే నెలల్లో రాయిలా ఉంటుంది. మట్టి పనికి వేతనం తవ్విన కొలతను బట్టి లెక్కిస్తారు కనుక అదే శ్రమకు కూలి తగ్గుతుంది. వయసు మళ్ళినవారు, బలహీనులు ఉన్న జట్లకు ఈ తగ్గుదల ఎక్కువ. వేసవి నెలల్లో కొలతపై అదనపు శాతం కలిపే పద్ధతి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమలైనది ఈ కారణంగానే.

చేయదగిన పనులు

* విరామ దినాలను జిల్లా అంతటికీ ఒకే తేదీలతో కాక, మండలంలోని ప్రధాన పంట, సాగు పద్ధతిని బట్టి నిర్ణయించాలి. వ్యవసాయాధికారులు, కృషి విజ్ఞాన కేంద్రాలు నెలవారీ కూలీ అవసరాల పట్టికను తయారుచేసి అందించాలి.

* ఆ పట్టికలో స్త్రీల, పురుషుల పనిదినాలు విడివిడిగా ఉండాలి. దుక్కి, విత్తనపు ముమ్మరం స్త్రీకి కూలి దొరికే కాలం కాకపోవచ్చు.

* మెట్ట ప్రాంతాలలో విరామాన్ని వారం, పది రోజుల చిన్న విడతలుగా విభజించాలి. వాన ఆలస్యమైతే ఏం చేయాలన్నది ముందస్తు ప్రకటనలోనే చేర్చాలి. కాలువ ఆయకట్టులో నీటి విడుదల ప్రణాళికతో దానిని ముడిపెట్టాలి.

* పంట కుంటలు, కందకాలు, చెరువు పూడికతీత వంటి మట్టి పనులను నేలలో తేమ ఉన్న వారాలలో వీలైనంత ఎక్కువగా చేపట్టాలి. వేసవి కొలతలను నేల గట్టిదనాన్ని బట్టి సవరించాలి.

* ట్రే నారు పెంపకం, నాటు యంత్రం నిర్వహణ, యంత్రాల అద్దె కేంద్రాల నడక వంటి నైపుణ్యాలను ముందుగా నాట్ల పని కోల్పోయిన స్త్రీల సంఘాలకు నేర్పాలి.

* కొత్త సాగు పద్ధతిపై జరిగే ప్రతి క్షేత్ర ప్రయోగంలో దిగుబడి, నికరాదాయం పక్కనే హెక్టారుకు పనిదినాల మార్పును కూడా ప్రచురించాలి.

చివరి సూచన పరిశోధకుల చేతిలోనే ఉన్నది. దీనికి అదనపు నిధులు అక్కరలేదు. ప్రతి పనికి ఎంతమంది కూలీలు పట్టారన్నది సాగు ఖర్చు లెక్కకట్టడానికి ఇప్పటికే నమోదు చేస్తున్నారు. దానిని రూపాయలలోకి మార్చి వదిలేయకుండా దినాలుగా కూడా చూపితే, ఏ గ్రామంలో ఏ నెల పని తగ్గిందో విరామాన్ని నిర్ణయించే అధికారికి తెలుస్తుంది. ఆ సమాచారం లేకుండా ప్రకటించిన అరవై రోజులు రైతుకు కూలీలను చేకూర్చకపోవచ్చు. కూలీ కుటుంబానికి మాత్రం రెండు నెలల పని హామీని దూరం చేస్తాయి.