సున్నపు గోడల మధ్య కంప్యూటర్లు

పాత మేడను ఆఫీసు చెయ్యాలనుకున్నవాళ్లు ముందు రంగులవాణ్ణి పిలుస్తారు, తర్వాత ఏసీవాణ్ణి. అందరూ అయ్యాక నన్ను. నేను బరంపురంలో కరెంటు పనులు చేయించే కాంట్రాక్టరుని. నేను వెళ్లేసరికి గోడలకు సిమెంటు పూత అయిపోయి ఉంటుంది, ఫాల్స్ సీలింగు సగం దాకా వచ్చి ఉంటుంది. "వైర్లు కనబడకూడదండీ, గోడ కొట్టి లోపల దింపేయండి" అంటారు. ఆ మాటకి నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే అసలు ఆ గోడ ఏమిటో చెప్పాలి.

ఒరిస్సా విడిగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 దాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీలో వాళ్లం. అందుకే ఇక్కడి పాత మేడల పైకప్పులు చాలావరకు మద్రాసు టెర్రసులే. టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా చిన్న వాసాలు, వాసాల మీద ఇటుకలు నిలువంచున ఏటవాలుగా పేర్చి సున్నంతో బిగిస్తారు. ఆపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరిచి, చెక్క బడితెలతో రోజుల తరబడి కొడతారు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు చల్లుతూ కొట్టేవారు. గోడలు రెండడుగుల మందం, అంతా సున్నంతో కట్టినవే. గోపాల్‌పూర్ రేవు నుంచి మనవాళ్లు ఓడలెక్కి రంగం (బర్మా) వెళ్లిన కాలం అది. అటునుంచి వచ్చిన టేకు ఇక్కడి మేడల్లో ఇంకా బరువు మోస్తోంది.

ఆ గోడల పునాదిలో తేమను ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూతలోంచి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆరే దారి మూసుకుపోతుంది. చెమ్మ ఇంకా పైకి ఎగబాకి, ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా రాలుతుంది. మళ్లీ సిమెంటు, మళ్లీ రంగు. ఓ పాత మేస్త్రి ఉన్నాడు, నాతో చాలాచోట్ల పనిచేశాడు. యజమాని ఎవరైనా ఒకటే అడుగుతాడు: "సిమెంటంటే మూడ్రోజులు, సున్నమంటే మూడు వారాలు. ఓపికుందా బాబూ?" ఓపిక ఉన్నవాళ్లు తక్కువ.

ఇక నా పని. అలాంటి గోడలో అడ్డంగా గాడి కొడితే దాని బలం తగ్గుతుంది, పక్కనున్న సున్నం పొడిపొడిగా రాలుతుంది. అందులో ఇనుప పైపు దింపితే సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉబ్బుతుంది, గోడ చీలుతుంది. ఈ సుఖం కోసమా కొట్టేది? నేను వైర్లను గోడ అడుగున, నేలకు ఆనించి ట్రంకింగులో తీసుకెళ్తాను. పూర్వం చెక్క పట్టీల మీద బట్ట చుట్టిన వైర్లు గోడ పైనుంచే పోయేవి, ఎవరూ సిగ్గుపడలేదు. పాత ఇళ్లలో అసలు లోటు ఎర్తింగుది, చాలాచోట్ల ఉండనే ఉండదు. ఒక ఫ్యాను, నాలుగు దీపాల కోసం వేసిన లైను మీద పది కంప్యూటర్లు, రెండు ఏసీలు పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కొత్త మెయిను, కొత్త ఎర్త్ గొయ్యి, ఏసీకి విడి సర్క్యూటు. వీటిలో బేరం లేదు.

ఏసీ సంగతి ఇంకొకటి. దాని నీటి గొట్టాన్ని గోడ పక్కన వదిలేసి పోతారు. రోజూ కారే ఆ నీళ్లు వానకన్నా ఎక్కువ చెరుపు చేస్తాయి. పద్నాలుగడుగుల ఎత్తు గదిని చల్లబరచడం ఖర్చే, కాదనను. దానికని ఫాల్స్ సీలింగు కడితే పైన దూలానికి చెద పట్టినా, కప్పు కారినా ఎవరికీ కనబడదు. నన్నడిగితే సర్వరున్న చిన్న గదికి ఏసీ చాలు, మిగతా చోట్ల పొడుగు రాడ్ల ఫ్యాన్లు పెట్టుకోవచ్చు.

బరువు గురించి ఇంజనీర్లు చెప్పేదీ వినాలి. మన భారతీయ ప్రమాణాల్లో ఇంటి గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్క కడతారు. కాగితాలు విడిగా దాచే ఆఫీసుకు 250, బీరువాలన్నీ గదిలోనే ఉంటే 400. అంటే ఆడిటరు ఫైళ్లు మేడ మీదికెక్కితే దూలానికి రెట్టింపు భారం. ఫైళ్లు కింద, మనుషులు పైన ఉండాలి. దూలం కొస గోడలో దూరే చోటే చెద ముందు చేరుతుంది, అక్కడ సుత్తితో తట్టి చూడాలి.

కొత్త పనికి పాత కట్టడాన్ని ఒప్పించడం మా గంజాం జిల్లాకి కొత్తకాదు. చిలికా సరస్సు ఒడ్డున రంభలో 1790ల నాటి కలెక్టరు థామస్ స్నాడ్‌గ్రాస్ ఒక భవంతి కట్టాడు. ఆ భవంతి తర్వాత ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. ఒడియావాళ్ల సంఘం ఉత్కళ సమ్మిళని ఆలోచనలు అక్కడ మొదలయ్యాయని చెబుతారు, దాని తొలి మహాసభ 1903 డిసెంబరులో కటక్‌లో జరిగింది. ఈమధ్య ఆ భవంతిని బాగుచేసి హోటలుగా తెరిచారు. మరో పక్క గంజాం ఊళ్లో, ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర, 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫోర్డ్ కట్టించిన పోటగఢ్ కోట ఉంది. 1815లో అంటుజ్వరాలు చెలరేగాక ఆ ఊరినుంచి అధికారులు కదిలిపోయారు. ఇప్పుడు కలెక్టరు ఉండేది ఛత్రపురంలో. మనుషులు మసలని కోట పాడుపడింది.

పూర్తిగా ఆఫీసుగా మారిన ఉదాహరణ కావాలంటే హైదరాబాదు వెళ్లాలి. బేగంపేటలో నవాబు వికారుల్ ఉమ్రా 1900 ప్రాంతంలో కట్టించిన పైగా ప్యాలెస్‌లో 2008 నుంచి 2023 మార్చి దాకా అమెరికా కాన్సులేట్ నడిచింది. వీసా కోసం ఆ గేటు ముందు వరసలో నిలబడ్డవాళ్లు మనలో బోలెడుమంది. చివరికి వాళ్లు నానక్‌రామ్‌గూడలో 12 ఎకరాల్లో, 34 కోట్ల డాలర్లతో కొత్త భవనం కట్టుకుని వెళ్లిపోయారు. దాన్ని నేను ఓటమి అనుకోను. పదిహేనేళ్లు ఆ ప్యాలెస్‌లో దీపం వెలిగింది, తూములు శుభ్రంగా ఉన్నాయి. అద్దెకున్నవాడు పోయాక కట్టడం మిగలాలి. అందుకే నేను బిగించేవన్నీ స్క్రూ విప్పితే వచ్చేలా బిగిస్తాను.

ఏ ఆఫీసైనా ఏ మేడలోనైనా ఇముడుతుందనుకోకూడదు. వకీలు, ఆడిటరు, ఆర్కిటెక్టు, చిన్న సాఫ్ట్‌వేరు బృందం ఇముడుతారు. రెండొందలమంది కాల్ సెంటరు ఇమడదు, బలవంతం చేస్తే గోడలు పోతాయి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఎన్నో కొత్త కట్టడాల రేకులు ఎగిరిపోయాయి. అలాంటి గాలివాన మళ్లీ రాకపోదు. బరంపురంలోగాని, పర్లాకిమిడిలోగాని, టెక్కలిలోగాని మీకు తాతలనాటి మేడ ఉంటే వానలకు ముందే పైకెక్కి తూములు తీయించండి, కప్పు మీద మొలిచిన రావిమొక్కను వేళ్లతో సహా పీకించండి. సిమెంటు బస్తా దింపించే ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకీ, సున్నం పని తెలిసిన మేస్త్రికీ ఒకసారి చూపించండి.