దారి చూపిన పుస్తకాలు

పాఠ్యభాగ పరిచయం

వినోదం కోసం పుట్టిన ప్రతి కళ చుట్టూ కొంత సాహిత్యం పెరుగుతుంది. చలనచిత్రాల వెంట పాటల పుస్తకాలు వచ్చినట్లే, వీడియో ఆటల వెంట వాటిని గెలిచే మార్గాలు తెలిపే పుస్తకాలు వెలువడ్డాయి. వీటినే గేమ్ గైడులంటారు. ఈ పుస్తకాల పుట్టుకను, వాటిని సేకరించే తీరును, సమీక్షించడానికి ఉపకరించే ప్రమాణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

గైడు స్వభావం

తెలుగునాట గైడు అనగానే విద్యార్థికి గుర్తుకు వచ్చేది పరీక్షల ముందు కొనే పుస్తకం. పరీక్ష ముగియగానే అది పాత కాగితాల దుకాణానికి చేరుతుంది. గేమ్ గైడు కూడా ఇదే కోవకు చెందినది. ఆటలోని ప్రదేశాల పటాలు, శత్రువుల బలాబలాలు, దాచిన వస్తువుల జాడలు, మొదటి అంకం నుంచి చివరి అంకం వరకు అడుగడుగునా చేయవలసిన పనులు ఇందులో ఉంటాయి. ఆట ముగిస్తే పుస్తకంతో పని తీరినట్లే. అవసరం తీరగానే పారేసే వస్తువు కాబట్టే, లక్షల సంఖ్యలో అచ్చయినా చెక్కుచెదరని ప్రతులు నేడు అరుదయ్యాయి. పాత పాటల పుస్తకాల కోసం సినీ అభిమానులు వెతుకుతున్నట్లే ఈ పుస్తకాల కోసం వెతికేవారూ ఉన్నారు.

నోటుపుస్తకం నుంచి అచ్చుపుస్తకానికి

గైడుల చరిత్ర చేతిరాతతో ముడిపడి ఉంది. 1984లో జపాన్‌కు చెందిన నామ్కో సంస్థ 'ద టవర్ ఆఫ్ డ్రుయాగా' అనే ఆటను విడుదల చేసింది. అరవై అంతస్తుల గోపురాన్ని ఎక్కడం అందులోని లక్ష్యం. దాదాపు ప్రతి అంతస్తులోనూ ఒక నిధిపెట్టె దాగి ఉంటుంది. అది ఏ పని చేస్తే బయటపడుతుందో ఆట ఎక్కడా చెప్పదు. ఒక్కడు ఎంత శ్రమించినా అన్నింటినీ కనిపెట్టడం దుస్సాధ్యం. అందువల్ల నాణెం వేసి ఆడే ఆటశాలల్లో ఒక నోటుపుస్తకాన్ని ఉంచి, తమకు తెలిసిన రహస్యాన్ని ఆటగాళ్ళు అందులో రాసేవారు. తరువాత వచ్చినవారు దాన్ని చదివి మరొక అంతస్తు ఎక్కి, తమ వంతు చేర్చేవారు. ముఖపరిచయం లేనివారు కలిసి రచించిన గ్రంథాలవి.

అమెరికాలో ఈ పని అచ్చుపుస్తకాల ద్వారా అంతకుముందే మొదలైంది. 1980లో వచ్చిన 'ప్యాక్‌మ్యాన్' ఆటలో నాలుగు భూతాలు ఆటగాణ్ణి తరుముతాయి. అవి ఇష్టం వచ్చినట్లు తిరుగుతున్నట్లు కనిపించినా, నిజానికి నియమబద్ధంగా కదులుతాయి. ఆటగాడు ప్రతిసారీ ఒకే దారిలో, ఒకే వేగంతో వెళితే అవి కూడా అదే విధంగా స్పందిస్తాయి. ఈ సూక్ష్మాన్ని ఆధారం చేసుకొని, పేకాటలో పేరుపొందిన కెన్ ఉస్టన్ వంటివారు 1980ల తొలినాళ్ళలోనే ఆ చిక్కుదారిలో నడవవలసిన మార్గాలను గీసి పుస్తకాలుగా వెలువరించారు. అయితే యంత్రంలోని ప్రోగ్రామును ఏ కొంచెం మార్చినా ఆ మార్గం పనిచేయదు. గైడుకు ఆయువుపట్టు, బలహీనత కూడా ఇక్కడే ఉన్నాయి. అది ఆటలోని ఒకానొక రూపానికి మాత్రమే కట్టుబడి ఉంటుంది.

1985లో నింటెండో సంస్థ 'సూపర్ మారియో బ్రదర్స్' ఆటను విడుదల చేసింది. అదే సంవత్సరం టోకుమా షోటెన్ ప్రచురించిన ఆ ఆట గైడు, జపాన్‌లో అత్యధికంగా అమ్ముడైన పుస్తకాల సరసన నిలిచింది. 1988లో అమెరికాలో 'నింటెండో పవర్' పత్రిక ప్రారంభమై, పటాలతో, చిట్కాలతో 2012 వరకు కొనసాగింది.

ఉచ్ఛదశ, క్షీణదశ

1990లో ప్రీమా, 1993లో బ్రాడీగేమ్స్ అనే ప్రచురణ సంస్థలు అమెరికాలో గైడుల ముద్రణను ఒక పరిశ్రమగా తీర్చిదిద్దాయి. ఆట విడుదలయ్యే రోజునే గైడు కూడా దుకాణంలో ఉండాలి. అందుకోసం రచయితలు ఇంకా పూర్తికాని ఆటను ముందుగా తెచ్చుకొని, కొద్ది వారాల వ్యవధిలో రేయింబవళ్ళు ఆడి రాసేవారు. తొలిరోజుల్లో తెర ముందు కెమెరా నిలిపి ఛాయాచిత్రాలు తీసి, వాటిని ఒకదాని పక్కన ఒకటి అతికించి పటాలను తయారుచేసేవారు. పుస్తకం అచ్చుకు వెళ్ళిన తరువాత ఆటలో మార్పులు జరిగితే ఆ తప్పును దిద్దే అవకాశం ఉండేది కాదు.

అంతర్జాల వ్యాప్తితో ఈ పరిశ్రమ పునాది కదిలింది. 1995లో ప్రారంభమైన 'గేమ్ ఫ్యాక్స్' అనే సంకలనంలో ఆటగాళ్ళు స్వయంగా రాసిన గైడులు ఉచితంగా లభించాయి. 2005 తరువాత యూట్యూబ్ వీడియోలు వచ్చి, చదవవలసిన దాన్ని చూసే వీలు కల్పించాయి. విడుదలైన తరువాత కూడా ఆటలు తరచుగా మారడం మొదలుపెట్టాయి. అచ్చయిన అక్షరం ఆ మార్పులను అందుకోలేకపోయింది. 2015లో ప్రీమా, బ్రాడీగేమ్స్ ఒకటయ్యాయి. 2018 నవంబరులో మూసివేత ప్రకటన వెలువడి, 2019లో వాటి ముద్రిత గైడుల శకం ముగిసింది. అయినా ఈ ప్రక్రియ పూర్తిగా అంతరించలేదు. పిగ్గీబ్యాక్, ఫ్యూచర్ ప్రెస్ వంటి సంస్థలు కొద్దిపాటి ఆటలకు గట్టి అట్టతో, చిత్రకళా గ్రంథాలవలె దాచుకోదగిన గైడులను ఆ తరువాత కూడా ప్రచురించాయి.

మన ప్రాంతంలో ఈ అచ్చు గైడులు విరివిగా దొరకలేదు. చిట్కాలు నోటిమాటగానే వ్యాపించాయి. 2002లో వచ్చిన 'వైస్ సిటీ' ఆట రహస్య సంకేతాలను నెట్ సెంటర్లకు వెళ్ళే పిల్లలు నోటుపుస్తకాల వెనుక పుటల్లో రాసుకొనేవారు. డ్రుయాగా నోటుపుస్తకాలకు అవి దూరపు బంధువులు. వాటిని దాచిపెట్టాలన్న ఆలోచన నాడు ఎవరికీ రాలేదు.

సేకరణ

సేకర్త మొదట చూసేది ప్రతి సమగ్రతను. గైడులతోపాటు మడత పటాలు, గోడచిత్రాలు వచ్చేవి. పిల్లలు వాటిని చించి గోడలకు అంటించడం వల్ల పటం ఉన్న ప్రతి దొరకడం అదృష్టమే. 1995లో నింటెండో అమెరికాలో విడుదల చేసిన 'ఎర్త్‌బౌండ్' దీనికి చక్కని ఉదాహరణ. ఆ ఆట పెద్ద పెట్టెలో, గైడుతో సహా లభించింది. ఊళ్ళ పటాలతో, కల్పిత వార్తలతో ఆ పుస్తకాన్ని యాత్రాదర్శినివలె రూపొందించారు. గోకితే వాసన వచ్చే అట్టముక్కలను కూడా జతచేశారు. గోకని ముక్కలతో ఉన్న ప్రతి సేకర్తకు అపురూపం. 2013లో ఆ ఆటను మళ్ళీ విడుదల చేసినప్పుడు నింటెండో ఈ గైడును కూడా అంతర్జాలంలో ఉచితంగా అందించింది. ఆ పుస్తకం లేకుండా ఆట అసంపూర్ణమని దీనివల్ల స్పష్టమవుతున్నది.

మచ్చలేని ప్రతినే కోరాలా, వాడిన ప్రతిని కూడా ఆదరించాలా అన్నది సేకర్తల ముందున్న ప్రశ్న. అంగడిలో కొత్త ప్రతికే వెల ఎక్కువ. చరిత్రకారునికి మాత్రం పెన్సిలు గీతలు, దొరికిన వస్తువుల పక్కన పెట్టిన గుర్తులు, అంచుల్లో చేసిన సవరణలు విలువైన ఆధారాలు. ఒక పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో, పుస్తకంలోని తప్పును ఎలా దిద్దుకొన్నాడో అవి చెబుతాయి.

భద్రపరచడంలో కూడా చిక్కులున్నాయి. నున్నని మెరుపు కాగితం తేమ తగిలితే పుటలు ఒకదానికొకటి అంటుకొంటాయి. ఆడుతూ చదవడానికి పుస్తకాన్ని నేలపై బార్లా తెరిచి ఉంచడం వల్ల జిగురుతో అతికించిన వెన్ను విరిగిపోతుంది. స్కాన్ చేసి దాచుదామంటే, పుటలు చదునుగా రావడానికి కొన్నిసార్లు వెన్నును కోయవలసి వస్తుంది. ఒక ప్రతిని బలి ఇచ్చి దానిలోని విషయాన్ని బతికించుకోవలసిన ధర్మసంకటమిది. రాతపై ప్రచురణకర్తకు, చిత్రాలపై ఆట నిర్మాతకు హక్కులు ఉండటం వల్ల స్కాన్ చేసిన ప్రతిని అందరికీ పంచడం కూడా సులభం కాదు. ఈ పరిస్థితుల్లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ఉన్న స్ట్రాంగ్ జాతీయ ఆటల మ్యూజియం వంటి సంస్థలు ఆటలతోపాటు గైడులను, పత్రికలను కూడా పదిలపరచడం హర్షణీయం.

సమీక్షా ప్రమాణాలు

సేకరణ పుస్తకాన్ని నిలబెడితే, సమీక్ష దాని విలువను నిర్ణయిస్తుంది. మెదక్ సీమకు చెందిన మహావ్యాఖ్యాత మల్లినాథసూరి, మూలంలో లేనిదాన్ని రాయననీ, అవసరం లేనిదాన్ని చెప్పననీ నియమం పెట్టుకొన్నాడు. ఆటకు వ్యాఖ్యానమైన గైడుకు సైతం ఈ నియమం వర్తిస్తుంది.

మొదటి ప్రమాణం యథార్థత. సమీక్షకుడు పుస్తకాన్ని చదివితే చాలదు. దాన్ని పక్కన పెట్టుకొని ఆట ఆడాలి. పటంలో చూపిన తలుపు ఆటలో ఉన్నదా, చెప్పిన ఆయుధం చెప్పిన చోటే దొరుకుతున్నదా అని పరీక్షించాలి. ఆట ఏ రూపాన్ని ఆధారం చేసుకొని పుస్తకం రాశారో కూడా గమనించాలి.

రెండవది సమగ్రత. 2000లో బ్రాడీగేమ్స్ ప్రచురించిన 'ఫైనల్ ఫాంటసీ' తొమ్మిదవ భాగం గైడు, అనేక ముఖ్యవిషయాలను పుస్తకంలో చెప్పక, 'ప్లేఆన్‌లైన్' అనే వెబ్‌సైటులో ఫలానా సంకేతపదంతో వెతుక్కొమ్మని సూచించింది. వెల చెల్లించి కొన్న పాఠకులు అసంతృప్తి చెందారు. ఆ గైడు నేటికీ నిందకు గురవుతూనే ఉన్నది. పద్మవ్యూహంలోకి ప్రవేశం నేర్పి, నిష్క్రమణ నేర్పని పాఠం వంటిదది.

మూడవది సంయమనం. అన్నీ చెప్పేస్తే ఆటలోని ఆనందం హరిస్తుంది. ఏమీ చెప్పకపోతే పుస్తకంతో పనిలేదు. 1980లలో ఇన్ఫోకామ్ సంస్థ వెలువరించిన 'ఇన్విజిక్లూస్' పుస్తకాలు ఈ సమస్యను నేర్పుగా పరిష్కరించాయి. వాటిలో ప్రశ్నలు మాత్రమే కనిపిస్తాయి. సమాధానాలు కంటికి కనిపించని సిరాతో ఉంటాయి. ప్రత్యేకమైన కలంతో రుద్దితే తొలుత చిన్న సూచన, తరువాత కొంచెం స్పష్టమైన సూచన, చివరకు పూర్తి సమాధానం బయటపడతాయి. ప్రశ్నలను చదివి కథను ఊహించకుండా కొన్ని దొంగ ప్రశ్నలను కూడా చేర్చారు. శిష్యుడు తానే కనుగొనేటట్లు చేసే గురువు పద్ధతి ఇందులో కనిపిస్తుంది.

నాల్గవది స్వతంత్రత. నిర్మాత అనుమతితో వచ్చే అధికారిక గైడుకు చిత్రాలు, వివరాలు సులభంగా లభిస్తాయి. అయితే అది ఆటలోని లోపాలను ఎత్తిచూపడం అరుదు. అనధికార గైడుకు సౌకర్యాలు తక్కువైనా స్వేచ్ఛ ఎక్కువ. సమీక్షకుడు ఈ తేడాను పాఠకునికి తెలియజేయాలి.

ముగింపు

గైడుతో అవసరం తీరిపోయిందని భావించేవారు ఒక విషయాన్ని గమనించాలి. 2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ జరిపిన అధ్యయనం, ఆ దేశంలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం విపణిలో లభించడం లేదని వెల్లడించింది. యంత్రాలు పాడవుతాయి, ఆటలు కనుమరుగవుతాయి. అప్పుడు ఆ ఆటలోని ఊళ్ళు, దారులు, పాత్రలు ఎలా ఉండేవో చెప్పగల సాక్షుల్లో గైడు ముఖ్యమైనది. ఆ సాక్ష్యం దక్కాలంటే సేకర్త ఉండాలి. ఆ సాక్ష్యం ఎంతవరకు నమ్మదగినదో తేల్చడానికి సమీక్షకుడు ఉండాలి. గమ్యం చేరిన బాటసారి పటాన్ని పారవేయడం సహజం. ఆ దారి చెరిగిపోయిన నాడు మాత్రం దాని ఉనికికి పటమే ఆధారమవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

దుస్సాధ్యం – సాధించడానికి కష్టమైనది
సేకర్త – సేకరించేవాడు
ధర్మసంకటం – ఏది చేసినా చిక్కు కలిగే స్థితి
సంయమనం – హద్దు మీరకుండా ఉండటం
విపణి – అంగడి

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. గేమ్ గైడుల పుట్టుకను, క్షీణతకు గల కారణాలను వివరించండి.
2. గైడును సమీక్షించడానికి వ్యాసంలో పేర్కొన్న ప్రమాణాలను ఉదాహరణలతో చర్చించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. డ్రుయాగా నోటుపుస్తకాల ప్రత్యేకత ఏమిటి?
2. వాడిన ప్రతికి చరిత్రకారుడు విలువనివ్వడానికి కారణమేమిటి?
3. 'ఇన్విజిక్లూస్' పుస్తకాల్లోని నేర్పును తెలపండి.