తల్లిలేని కోడిపిల్లల యిల్లు

అనంతపురపు మెట్టసీమలో ఏటికి సగటున సుమారు 22 అంగుళముల వర్షము మాత్రమే కురియును. వేరుసెనగ పైరు ఎండిపోయిన సంవత్సరమున పేదకాపు ఇంట ఉప్పుపప్పులకు ఆధారమగునవి పలుమారు ఆ యిల్లాలి పెరటికోళ్లే. అట్టి యింట 50 పిల్లలు ఒక్క రాత్రిలో చచ్చుట చిన్న నష్టము కాదు. కావున క్రొత్తగా కోళ్లు పెంపబూనువారు పిల్లలను తెచ్చుటకు ముందే వాని యింటిని సిద్ధపరచుకొనవలెనని మా యభిప్రాయము.

నాటుకోడి పిల్లలకు ఈ చింత లేదు. 21 దినములు పొదిగిన తల్లియే వానికి గోడయు, కప్పును, కుంపటియు నగును. గంపక్రింద మూసిన చాలును. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలు అట్లుగాక, యంత్రమున పొదుగబడి, తల్లిలేక మన చేతికి వచ్చును. ఆ తల్లి పని మనమే చేయవలెను.

ఇల్లు తూర్పు పడమరలుగా పొడవుండినచో ఎండ నేరుగా లోపలికి చొరదు. మన వేసవికి రేకుకంటె బోదకప్పు మేలు. రేకే యున్నచో పైన సున్నము పూయవలెను. ఇక గాలి. రామగిరి మిట్టలపైని గాలిమరలను ఆషాఢ శ్రావణములలో త్రిప్పునది పడమటి గాలియే. అది తగిలినచో ఎంత వెచ్చదనమైనను నిలువదు. ఆ వైపున గోనెపట్టాలు వ్రేలాడగట్టి, పైభాగమున జానెడు సందు విడువవలెను. చలికి వెరచి సందు లేకుండ మూసి, లోపల బొగ్గుకుంపటి పెట్టువారు కలరు. ఆ కుంపటినుండి వెలువడు విషవాయువు చలికంటె కీడు.

నేలపై రెండంగుళముల మందమున వేరుసెనగ పొట్టు పరువవచ్చును. మనకది కొనవలసిన వస్తువు కాదు గదా! అయితే బాగుగ ఎండనిది వాడరాదు. తడిపొట్టున పట్టిన బూజు పిల్లల ఊపిరితిత్తులకు చేరి చంపును. మొదటి రెండు దినములు దానిపై పాత పత్రికలు పరచినచో పిల్లలు పొట్టును మేతయని తినవు.

ఆ పొట్టుపై ఒకటిన్నర అడుగు ఎత్తుగల తడికను గుండ్రముగ నిలుపవలెను. 50 పిల్లలకు మొదట నాలుగడుగుల అడ్డుకొలత చాలును. వారము వారము పెంచవలెను. గుండ్రమేల యని విద్యార్థులు అడుగుదురు. మూల యున్నచో, చలివేసినపుడును బెదరినపుడును పిల్లలన్నియు అచ్చటనే క్రిక్కిరిసి, క్రిందివి ఊపిరాడక చచ్చును.

మొదటి వారము పిల్లల వీపు మట్టమున 95 ఫారన్‌హీటు డిగ్రీల వేడి యుండి, వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గవలెను. పిల్లకు 2 వాట్ల లెక్కను 60 వాట్ల తీగబల్బులు రెండు వ్రేలాడదీసినచో, ఒకటి మాడిపోయినను మరియొకటి యుండును. ఇప్పటి ఎల్‌ఇడి దీపము వెలుగునిచ్చునే గాని పిల్లలను కాచు వేడినీయదు. విద్యుత్తు పోవు పల్లెలలో లాంతరు సిద్ధముగ నుండవలెను. పిల్లలు వచ్చుటకు ఒక దినము ముందే దీపము వెలిగించి చూచుకొనుట మంచిది.

ఉష్ణమాపకము లేనివారు దిగులు పడనక్కరలేదు. పిల్లలు దీపము క్రింద గుమిగూడి కీచుమనుచున్నచో చలి యున్నది. దూరముగ తొలగి నోళ్లు తెరచి రొప్పుచున్నచో వేడి హెచ్చినది. అన్నియు ఒక ప్రక్కకు చేరినచో ఎదుటినుండి గాలి చొచ్చుచున్నదేమో చూడవలెను. అంతటను చెదరి మేయుచు నిద్రించుచున్నచో సరిపోయినది. ఎండ 104 డిగ్రీలు దాటు వేసవి పగళ్లలో దీపమార్పి తెరలెత్తవలెను. పుష్యమాసపు తెల్లవారుజామున మాత్రము ఒకమారు లేచి చూడక తప్పదు. ఆ వేళనే నష్టము ఎక్కువ.

నీళ్లు లోతులేని మూకుడులో పోసి గులకరాళ్లు వేయవలెను. లేనిచో పిల్ల అందు పడి తడిసి, చలికి చచ్చును. పిల్లులు, ముంగిసలు, పందికొక్కులు, పాములు రాకుండ కిటికీలకు అరంగుళపు కన్నుల ఇనుపవల బిగించి, గోడ యడుగున జానెడు లోతున వలను పూడ్చవలెను. ఆరు వారములకు పిల్లలు పెరటిలోనికి పోవును. అప్పుడు మిగిలిన పొట్టును పెంటగుంటలో వేసినచో వానలనాటికి చేనికి ఎరువగును.