మూర్ఛ వ్యాధి నుంచి కృష్ణబిలం దాకా

డేటాను వడకట్టడానికి, లెక్కలు కట్టడానికి, గ్రాఫులు గీయడానికి పరిశోధకులు రాసుకునే ప్రోగ్రాములే పరిశోధన సాఫ్ట్‌వేర్. ఒక అవసరం కోసం పుట్టిన ప్రోగ్రాము ఎవరూ ఊహించని చోట అక్కరకొస్తుంది. మూర్ఛ రోగుల మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను తెరపై చూడటానికి నాడీశాస్త్ర పరిశోధకుడు జాన్ హంటర్ మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే గ్రాఫులు గీసే ప్రోగ్రామును రాయడం మొదలుపెట్టారు. 2012లో ఆయన కన్నుమూసినా ఆ ప్రోగ్రాము వాడుకలోనే ఉంది. 2019 ఏప్రిల్ 10న కృష్ణబిలం తొలి చిత్రం వెలువడింది. ఆ కృష్ణబిలం ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం87 గెలాక్సీలోది. ఆ చిత్రంపై వచ్చిన పరిశోధన పత్రంలో, వాడిన సాఫ్ట్‌వేర్ల వరుసలో మ్యాట్‌ప్లాట్‌లిబ్ పేరూ ఉంది.

ప్రోగ్రాము ఉందని తెలిస్తేనే కదా ఎవరైనా వాడుకునేది! చాలావరకు కోడ్, దాన్ని రాసినవారి కంప్యూటర్‌లోనే మూలపడుతుంది. వారు ఉద్యోగం మారితే పరిశోధన పత్రంలో ఇచ్చిన వెబ్ చిరునామా కూడా పనిచేయకపోవచ్చు. ఖగోళ శాస్త్రంలో ఈ చిక్కు తీర్చడానికి 1999లోనే రాబర్ట్ నెమిరాఫ్, జాన్ వాలిన్ ‘ఆస్ట్రోఫిజిక్స్ సోర్స్ కోడ్ లైబ్రరీ’ని ప్రారంభించారు. అందులో ప్రతి ప్రోగ్రాముకూ ఒక సంఖ్య ఉంటుంది. ఆస్ట్రోపై అనే ప్రోగ్రాముది 1304.002. మొదటి రెండంకెలు 2013 సంవత్సరాన్ని, తర్వాతి రెండు ఏప్రిల్ నెలను, చివరి మూడు వరుస సంఖ్యను చెబుతాయి. చిరునామా మారినా ఈ సంఖ్య మారదు.

కోడ్ కంటికి కనిపించినంత మాత్రాన వాడుకోవడానికి అనుమతి ఉన్నట్టు కాదు. లైసెన్సు జతచేయని కోడ్‌పై హక్కులన్నీ రాసినవారివే. అందుకే ఎంఐటీ, జీపీఎల్ వంటి లైసెన్సు ఉందో లేదో ముందే చూసుకోవాలి. వెర్షన్ కూడా ముఖ్యమే. వెర్షన్ మారితే ఫలితమూ మారవచ్చు. సెర్న్ నడిపే జెనోడో భాండాగారం ఒక్కో వెర్షన్‌కూ డీఓఐ అనే ఒక్కో శాశ్వత సంఖ్య ఇస్తుంది.

ఇక గుర్తింపు. అసలు అన్యాయం జరిగేది ఇక్కడే. పరిశోధకుల ఉద్యోగాలకు, నిధులకు ఉల్లేఖనాల లెక్క, అంటే వారి పనిని ఇతరులు తమ పత్రాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారో చూస్తారు. నెలల తరబడి కోడ్ రాసినవారి పేరు పత్రం చివర కృతజ్ఞతల్లో మాత్రమే కనిపిస్తే ఆ శ్రమ లెక్కలోకి రాదు. తమను ఎలా ఉల్లేఖించాలో రచయితలే ‘సైటేషన్’ అనే ఫైలులో రాసిపెడితే, 2021 నుంచి కోడ్ పంచుకునే వేదిక గిట్‌హబ్ దాన్ని నకలు తీసుకునేందుకు వీలుగా చూపుతోంది. పరిశోధన పత్రం రాసే విద్యార్థులు తాము వాడిన ప్రోగ్రాము పేరు, రచయితలు, వెర్షన్, శాశ్వత సంఖ్య అనే ఈ నాలుగింటినీ పుస్తకాలు, పత్రాలతో పాటు ఉల్లేఖనాల జాబితాలోనే చేర్చాలి.