కీ ఇస్తే పలికే పెట్టె

గ్రామఫోను పెట్టెకు కరెంటు అక్కర్లేదు. పక్కనున్న పిడి తిప్పి కీ ఇవ్వాలి, ప్లేటు పెట్టాలి, ముల్లు ఆనించాలి. ఎనభై తొంభై ఏళ్ల కిందట మదరాసులో ఏ మైకు ముందో నిలబడి పాడిన మనిషి గొంతు గదిలో ఖంగుమంటుంది. ఈ పని మొదటిసారి సొంత చేతులతో చేసినవాళ్లకు రెండు ప్రశ్నలు పుడతాయి. ఇది ఎలా పలుకుతోంది? ఇలాంటి ప్లేటు ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది? మొదటి ప్రశ్న యంత్రాలు సేకరించేవాళ్లను తయారు చేసింది, రెండోది రికార్డులు సేకరించేవాళ్లను. చాలామందికి ఈ రెండు పిచ్చులూ ఒకదాని వెంట ఒకటి పట్టుకుంటాయి.

సేకర్తల్లో ఎక్కువమంది డబ్బు పట్టుకుని వేటకు బయలుదేరినవాళ్లు కారు. తాతగారి అటక మీద మూలుగుతున్న పెట్టె ఒకరిని పిలుస్తుంది. ముంబయి చోర్ బజారు లాంటి చోట పాత ఇనుము మధ్య కనబడ్డ, ముల్లు బిగించే సౌండ్ బాక్సు ఇంకొకరిని ఆపేస్తుంది. అమ్మ కూనిరాగం తీసిన పాట అసలు ఎవరు పాడారో తెలుసుకోవాలన్న తపన మరొకరిని నడిపిస్తుంది. దారి ఏదైనా, ఆ పెట్టెలో దాపరికం లేకపోవడమే వాళ్లను కట్టిపడేస్తుంది. శబ్దం పుట్టే ప్రతి మెట్టూ అందులో కంటికి కనబడుతుంది.

తగరపు రేకు మీద గొంతు

మాట్లాడినప్పుడు గాలి అదురుతుందనీ, ఆ అదురుకు పలచని పొర కూడా అదురుతుందనీ 19వ శతాబ్దపు శాస్త్రజ్ఞులకు బాగా తెలుసు. పారిస్‌లో ఎడ్వార్డ్ లియోన్ స్కాట్ ద మార్టిన్‌విల్ 1857లో ఆ అదురును మసి పూసిన కాగితం మీద గీతగా గీయించాడు. గీత కనబడింది కానీ తిరిగి వినిపించే మార్గం లేదు. 1877 ఏప్రిల్‌లో షార్ల్ క్రో అనే ఫ్రెంచి కవి, గీతను మళ్లీ శబ్దంగా మార్చవచ్చన్న ఆలోచనను కాగితం మీద పెట్టి పారిస్‌లోని సైన్స్ అకాడమీకి అందజేశాడు. యంత్రం మాత్రం చేయలేదు.

చేసినవాడు థామస్ ఆల్వా ఎడిసన్. న్యూజెర్సీలోని మెన్లో పార్కు ప్రయోగశాలలో టెలిగ్రాఫు మీదా టెలిఫోను మీదా పనిచేస్తుండగా అతనికి ఈ ఊహ తట్టింది. పొరకు ఒక మొన తగిలిస్తే, ఆ మొన మెత్తటి రేకు మీద నొక్కుతూ గాడి పెడుతుంది. అదే గాడిలో మొనను తిరిగి నడిపిస్తే పొర మళ్లీ అదరాలి. అతని పనివాడు జాన్ క్రూసీ గాడులున్న ఇత్తడి స్తూపం ఒకటి తయారు చేశాడు. దానికి తగరపు రేకు చుట్టి, పిడి తిప్పుతూ 1877 డిసెంబరులో ఎడిసన్ ఒక పిల్లల పాటలోని మాటలు పలికాడు. స్తూపాన్ని వెనక్కి తెచ్చి మళ్లీ తిప్పితే యంత్రం వాటిని అప్పజెప్పింది. 1878 ఫిబ్రవరి 19న పేటెంటు వచ్చింది. దాని పేరు ఫోనోగ్రాఫు.

రేకు కొన్నిసార్లు వినేసరికే నలిగి చిరిగేది. అయినా ఆ ఏడాదే ఎడిసన్ తన యంత్రం ఏయే పనులకు వస్తుందో ఒక జాబితా రాసి అచ్చు వేయించాడు. ఉత్తరాలు చెప్పి రాయించడం, చూపు లేనివాళ్లకు పుస్తకాలు వినిపించడం, సంగీతం, ఇంటివాళ్ల గొంతులు దాచుకోవడం, భాషల ఉచ్చారణను కాపాడడం అందులో ఉన్నాయి. చివరి రెండు పనులనూ ఇవాళ సేకర్తలు తమ నెత్తిన వేసుకుని చేస్తున్నారు.

లక్క చేసిన మేలు

1880లలో వాషింగ్టన్‌లోని వోల్టా ప్రయోగశాలలో చిచెస్టర్ బెల్, చార్లెస్ సమ్నర్ టెయింటర్ రేకు బదులు మైనం వాడారు. గొంతు స్పష్టపడింది. కానీ స్తూపాలకు నకళ్లు తీయడం తొలిరోజుల్లో పెద్ద చిక్కు. గాయకుడు అదే పాటను మళ్లీ మళ్లీ పాడాల్సి వచ్చేది. ఈ ముడి విప్పినవాడు జర్మనీ నుంచి అమెరికా వలస వచ్చిన ఎమిల్ బెర్లినర్. 1887లో అతను స్తూపాన్ని వదిలి చదునైన పళ్లేన్ని ఎంచుకున్నాడు. గాడి లోతులో ఎత్తుపల్లాలుగా కాకుండా అటూ ఇటూ వంకరలు పోయేలా చేశాడు. పళ్లెం నుంచి లోహపు అచ్చు తీస్తే, ఆ అచ్చుతో వేల ప్లేట్లు ఒత్తవచ్చు. పళ్లెం వాడే ఈ గ్రామఫోను ఇంటింటి వస్తువయింది ప్రధానంగా ఈ సుళువు వల్లే. 1896లో క్యామ్డెన్ ఊరి మెకానిక్ ఎల్డ్రిడ్జ్ జాన్సన్ దానికి నమ్మకమైన స్ప్రింగు మోటారు అమర్చాడు. చేత్తో తిప్పుతూ కూర్చునే బాధ తప్పింది.

ప్లేటుకు కావలసిన ముడిసరుకు మన దేశం నుంచే వెళ్లింది. ఛోటా నాగపూర్ అడవుల్లో కుసుమ, మోదుగ చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు విడిచే జిగురును శుద్ధి చేస్తే షెల్లాక్ వస్తుంది. దానికి రాతిపొడి, మసి, నూలు పీచు కలిపి వేడి మీద ఒత్తితే నల్లని ప్లేటు తయారవుతుంది. మన అడవిలో పురుగు కూర్చిన లక్క దశాబ్దాల పాటు ప్రపంచమంతటి సంగీతాన్ని మోసింది.

1902లో గ్రామఫోను కంపెనీ పంపిన రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో దిగి, నవంబరులో గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆమె పాట చివర ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. ఆ ప్లేట్లు ఒత్తింది జర్మనీలోని హానోవర్‌లో. పాడిందెవరో అక్కడివాళ్లకు తెలియాలనే అలా చెప్పించేవారంటారు. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం వచ్చాక మన పాటలు మన నేల మీదే అచ్చయ్యాయి.

పెట్టె విప్పి చూస్తే

పది అంగుళాల ప్లేటు మీద ఒక వైపు దాదాపు మూడు నిమిషాల పాట. నిమిషానికి 78 చుట్ల లెక్కన ప్లేటు రెండు వందలకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ గాడిని సాగదీస్తే నూరు మీటర్లు దాటుతుంది. గాడి వంకరలకు ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు సౌండ్ బాక్సులోని అభ్రకపు రేకును అదిలిస్తుంది. చిన్న రేకు పుట్టించిన ఆ బలమైన అదురును బూరా క్రమంగా వెడల్పవుతూ గదిలోని గాలికి అందిస్తుంది. విద్యుత్తు లేదు, ఆంప్లిఫయరు లేదు. వినబడే బలమంతా మనం ఇచ్చిన కీదే.

ఇక వేగం. స్ప్రింగు నిండుగా ఉన్నప్పుడు గట్టిగా లాగుతుంది, సడలే కొద్దీ బలం తగ్గుతుంది. అయినా ప్లేటు ఒకే వేగంతో తిరగాలి. ఆ పని గవర్నరుది. పలచని ఉక్కు పట్టీల మీద మూడు చిన్న బరువులు తిరుగుతుంటాయి. వేగం పెరిగితే అవి బయటికి జరిగి, ఒక చక్రాన్ని తోలు మెత్త మీదికి లాగి నిదానింపజేస్తాయి. సంగీతం తెలిసినవాళ్లు దీని విలువ వెంటనే పట్టుకుంటారు. వేగం నూటికి ఆరు వంతులు తగ్గితే పాట మొత్తం ఒక స్వరస్థానం కిందికి జారిపోతుంది. తొలినాటి ప్లేట్లన్నీ కచ్చితంగా 78 చుట్లతో రికార్డయినవి కావు. అందుకే అనుభవమున్న సేకర్త శ్రుతి చూసి వేగం సర్దుతాడు.

1925కు ముందు గాయకులు మైకు లేకుండా నేరుగా బూరాలోకి పాడారు. మంద్రమైన మృదంగ నాదమూ, తంబురా పై జీరా ఆ రికార్డుల్లో సరిగా పడలేదు. 1925లో మైకు, విద్యుత్ రికార్డింగు వచ్చాక గొంతుల తీరే మారింది. అరిచి పాడే అవసరం పోయింది. ఆ రెండు కాలాల ప్లేట్లను పక్కపక్కన విన్నవాళ్లకు సాంకేతికత పాటను ఎలా మలిచిందో చెవులతోనే తెలిసిపోతుంది.

తెలుగు ప్లేట్లు

స్థానం నరసింహారావు వంటి రంగస్థల నటుల పాటలు, పద్యాలు ఊరూరికీ చేరింది ప్లేట్ల మీదే. పద్యనాటకాలు సెట్లుగా వచ్చాయి. సెట్టులో ఒక్క ప్లేటు తక్కువైతే దాని కోసం ఏళ్ల తరబడి వెతికే సేకర్తలున్నారు. శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగు తల్లికి’ టంగుటూరి సూర్యకుమారి గొంతులో, కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో జనం నోళ్లలో నిలిచాయంటే గ్రామఫోను చలవే. ఈ సంపదను కాపాడినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు వి.ఎ.కె. రంగారావు. చెన్నైలో పదుల వేల ప్లేట్లు కూడబెట్టి, వాటి మీద వ్యాసాలు రాసి, ఎవరు పాడారు, ఎవరు బాణీ కట్టారు అన్న వివరాలు తేల్చిన రసజ్ఞుడు ఆయన. 1990లో ముంబయిలో మొదలైన సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ దేశమంతటి సేకర్తలను ఒక చోటికి తెచ్చింది.

ఇలాంటివాళ్లు ఎందుకు కావాలి? రెండో ప్రపంచ యుద్ధంలో షెల్లాక్ కరవు వచ్చి, 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి దాని వాడకాన్ని బాగా కుదించింది. కొత్త ప్లేట్ల కోసం పాతవి కరిగించారు. 1948లో ఎక్కువసేపు పలికే ఎల్‌పీ రికార్డు వచ్చాక 78 చుట్ల ప్లేటు క్రమంగా పాతసామానయింది. లోహపు అచ్చు పోయిన పాటకు ఎవరి ఇంట్లోనో మిగిలిన ప్లేటే ఆధారం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు

తళతళలాడే ఇత్తడి బూరా చూసి మోసపోకండి. పాత పోర్టబుల్ పెట్టెల విడిభాగాలకు కొత్త బూరా, కొత్త చెక్కపెట్టె తగిలించి ప్రాచీన యంత్రమని అమ్ముతున్నారు. బయటికి బూరా కనబడని, సూట్‌కేసులా మూసుకునే మామూలు పోర్టబులే నేర్చుకోవడానికి మంచిది. కీ ఇచ్చినప్పుడు ధబ్బుమని చప్పుడొస్తే స్ప్రింగులో గ్రీజు గట్టిపడిందని గుర్తు. గొంతు గరగరమంటే సౌండ్ బాక్సులో రబ్బరు ఎండిపోయి ఉంటుంది. రెండూ బాగుచేయగలిగినవే. కానీ స్ప్రింగు డబ్బాను మాత్రం తెలిసినవాళ్ల చేతే విప్పించాలి. చుట్టుకుని ఉన్న ఉక్కు చేతులు కోసేస్తుంది.

ఉక్కు ముల్లు వంద గ్రాములకు పైగా బరువుతో గాడిలో నడుస్తుంది. అది ఒక వైపుకే, తర్వాత మార్చాలి. అరిగిన ముల్లు గాడిని చెక్కేస్తుంది. ఈ పెట్టె మీద ఎల్‌పీని ఎన్నడూ పెట్టకండి. షెల్లాక్ ప్లేటును స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. కొద్దిగా సబ్బు కలిపిన నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. లేబులు తడవనీయకండి, ప్లేట్లను నిలబెట్టే దాచండి.

పగిలిన ప్లేటునూ పారేయకండి. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో భౌతికశాస్త్రవేత్త కార్ల్ హేబర్ బృందం ముల్లు తగలకుండా గాడిని కెమెరాతో చదివి శబ్దాన్ని లెక్కగట్టే పద్ధతి రూపొందించింది. స్కాట్ 1860లో మసి కాగితం మీద గీసిన పాటను ఆ ప్రయోగశాల శాస్త్రవేత్తల సాయంతో 2008లో తొలిసారి వినగలిగారు. గాడి మిగిలితే చాలు, గొంతు తిరిగి వస్తుంది.

మీ ఇంటి అటక మీదా, ఊళ్లో పాత సామాన్ల కొట్టులోనూ ఒకసారి వెతకండి. తెలుగు ప్లేటు దొరికితే లేబుల్ ఫోటో తీయండి. లేబుల్ పక్కన నల్లటి భాగంలో చెక్కిన నంబరు రాసుకోండి, పాట తారీఖు తేల్చేది అదే. ఇంటి పెద్దలు దాని గురించి చెప్పే సంగతులు కాగితం మీద పెట్టండి. మీకు అక్కర్లేకపోతే సేకర్తకో గ్రంథాలయానికో ఇవ్వండి, తూకానికి మాత్రం వేయకండి.