అంగన్‌వాడీకి ఏ కాగితం కావాలి? – అపోహలు, వాస్తవాలు

తెలంగాణలోని చర్ల, దుమ్ముగూడెం మండలాల గూడేల్లో పిల్లను అంగన్‌వాడీకి ఎందుకు పంపలేదని అడిగితే తరచూ వినిపించే జవాబు ఒకటే: ‘మాకు కాగితాల్లేవు.’ ఈ మాట వల్ల నష్టపోయేది మూడేళ్ల పిల్లలు. అందుకే ఒక్కో అపోహనూ విప్పి చెప్పాలి.

అపోహ: ఎస్టీ సర్టిఫికెట్ లేకపోతే చేర్చుకోరు.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్ ప్రాంతాల నుంచి ఊళ్లు వదిలి వచ్చిన గుత్తికోయ ఆదివాసుల్లో ఈ భయం ఎక్కువ. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లు షెడ్యూల్డ్ తెగలవాళ్లే, ఇక్కడ మాత్రం ఆ సర్టిఫికెట్ చేతికి రాదు. చాలా పనులు అక్కడే ఆగిపోతాయి కాబట్టి అంగన్‌వాడీకీ అదే లెక్క అనుకుంటారు. కాదు. 2013 ఆహార భద్రత చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు అంగన్‌వాడీలో ఉచిత ఆహారాన్ని హక్కు చేసింది. అందులో కులం షరతు లేదు. ఆటపాటల బడి మూడేళ్లు నిండినవాళ్లకు.

అపోహ: తెల్లకార్డు ఉన్న పేదలకే.

దారిద్ర్యరేఖను అర్హతగా పెట్టకూడదని 2004 అక్టోబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. కూలీ బిడ్డా రావచ్చు, ఉద్యోగి బిడ్డా రావచ్చు. ఫీజు లేదు.

అపోహ: ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేనిదే పేరు రాయరు.

అంగన్‌వాడీ పిల్లల పేర్లు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో బిడ్డ ఆధార్ తప్పనిసరి కాదు, తల్లి ఆధార్‌తో నమోదు చేయవచ్చు. ఆమెకూ లేకపోతే? ఆధార్ చూపలేదన్న కారణంతో ఏ బిడ్డకూ పథకాన్ని ఆపరాదని 2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు స్పష్టంగా చెప్పింది. ఇంట్లో కాన్పయిన బిడ్డకు ఏఎన్ఎం ఇచ్చిన టీకాల కార్డు ఉంటే వయసు తేలుతుంది. జనన నమోదు పని మాత్రం వేరుగా సాగించండి. 21 రోజుల్లోపు చేయిస్తే రుసుము ఉండదు, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి.

సరిహద్దు ఇంకో చిక్కు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక భద్రాచలం పట్టణం తెలంగాణలో, పక్కనే ఉన్న ఎటపాక అటు రాష్ట్రంలో మిగిలాయి. మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే తల్లులు ‘మా పేరు అక్కడుంది’ అని పిల్లల్ని చేను గట్టునే ఉంచుకుంటారు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది, అది దేశమంతటికీ ఒకటే. ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కు, రాష్ట్రం దాటినా సరే, పేరు మార్చే వీలు ట్రాకర్‌లోనే ఉంది. టీచర్‌ను అడగాలి.

‘అంగన్‌వాడీలో గుడ్డు పెట్టి పంపిస్తారు, అంతేగా’ అనేవాళ్లు టీచరమ్మ చేతిలోని మూడు రంగుల టేపును ఒకసారి చూడాలి. బిడ్డ మోచేతికీ భుజానికీ నడుమ చుట్టి కొలుస్తారు. ఆరు నెలలు నిండిన, అయిదేళ్లలోపు బిడ్డకు ఆ కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు, అంటే ప్రాణాపాయం తేగల పోషకాహార లోపం. సెంటర్‌కు రాని బిడ్డ చెయ్యి ఎవరు కొలుస్తారు? ఇంట్లో కోయ భాష మాత్రమే విన్న పిల్ల ఒకటో తరగతిలో తెలుగు వినగానే బెదిరిపోకుండా ఉండాలన్నా, సెంటర్‌లో గడిపే ఈ మూడేళ్లే ఆసరా.

చివరి అపోహ: మా గూడెం చిన్నది, సెంటర్ రాదు.

ఇది మాత్రం సగం నిజం. గిరిజన ప్రాంతంలో 300 జనాభాకు సెంటర్, 150కి మినీ సెంటర్ అన్నది ప్రమాణం. అయితే ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న చోట అడిగిన మూడు నెలల్లో సెంటర్ పెట్టాలని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. దరఖాస్తు అవసరమైంది ఇక్కడే. పిల్లల పేర్లు, వయసులు, తల్లుల వేలిముద్రలతో జాబితా రాసి శిశు అభివృద్ధి పథకం అధికారి (సీడీపీఓ)కి ఇవ్వండి, ఒక ప్రతి భద్రాచలంలోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో ఇవ్వండి. రెండు చోట్లా తేదీ వేసిన రసీదు తీసుకోండి, మూడు నెలలు లెక్కపెట్టేది ఆ తేదీ నుంచే.